‘ఏమీ లేదు’ అల్లిన మా వదిన

మీరు అబద్ధం చెప్పారు. మా వదిన సమాధి మీద మట్టి తడి ఆరకముందే చెప్పారు. నోరు తెరిచి చెప్పింది ఒక్కరే కావచ్చు, తలలూపింది మాత్రం అందరూ. ఆ రోజు మేం రాలేదు కదా అని మిగతావాళ్లు తప్పించుకోవద్దు. అదే అబద్ధాన్ని మీరు మీ ఇళ్లల్లో రోజూ చెబుతున్నారు.

పోయిన నెల మా వదిన చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం. దవాఖానాకు తీసుకుపోయినా నిలవలేదు. ఐదో రోజు పొద్దున నేను బడిలో హాజరు పిలుస్తుంటే అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదిన లేదురా" అన్నాడు. ములకలపల్లి దాటినాక అడవి అంచున ఉంటుంది మా ఊరు. అక్కడ చర్చి వెనక పాతిపెట్టాం. పాటలయ్యాక సంఘపెద్ద ఒకాయన నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. "మన సోదరి ఖాళీ సమయాన్ని వృథా చేయకుండా అల్లికలు అల్లుకుంటూ కాలక్షేపం చేసేది" అన్నాడు. అందరూ అవునన్నట్టు తలలూపారు.

ఖాళీ సమయమట! పన్నెండేళ్లు ఆ ఇంట్లోనే పక్క వాటాలో ఉన్నవాణ్ణి నేను. ఆమెకు ఖాళీ దొరికిన రోజు నాకు తెలిసి ఒక్కటే. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నా నేరం చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ అబద్ధాన్ని మొట్టమొదట కాగితం మీద రాసింది నేనే.

మా అన్న బస్సు డ్రైవరు. పొద్దున పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నా భార్య దవాఖానాలో నర్సు. నేను టీచర్ని. బడి వదిలాక మీటింగులు, ఉపన్యాసాలు, కరపత్రాలు. స్త్రీల హక్కుల గురించి నేను మాట్లాడితే కొత్తగూడెం దాకా చప్పట్లు కొట్టేవాళ్లు. నేను మాట్లాడుతున్నప్పుడు నా ఇద్దరు పిల్లలు ఎక్కడున్నారని ఏ ఒక్కరూ అడగలేదు. మా వదిన దగ్గర ఉన్నారు. ఆమె ఇద్దరు, నా ఇద్దరు, మొత్తం నలుగురు. అప్పట్లో అందరూ ఆరేళ్ల లోపువాళ్లే. సంత రోజైతే ఇంకా ఎక్కువ. చింతపండో ఇప్పపువ్వో నెత్తిన పెట్టుకుని అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు తమ పిల్లల్ని మా వదిన అరుగు మీద దించిపోయేవాళ్లు. వాళ్ల మాట ఆమెకు సగమే అర్థమయ్యేది. పిల్ల ఏడుపు మాత్రం ఏ భాషలోనైనా అర్థమయ్యేది.

ఈ మందలో కూర్చుని ఆమె ఊలు అల్లేది. చిన్నప్పుడు హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివింది. అల్లిక అక్కడే నేర్చుకుంది. కొత్త ఊలు కొనడం తక్కువ. చిరిగిన స్వెట్టర్లు అడిగి తెచ్చి విప్పేది. విప్పిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది కదా, వేడి నీళ్లలో ముంచి, కింద చెంబు కట్టి దండెం మీద వేలాడదీసేది. ఆరాక ఉండ చుట్టాలి. అప్పుడు ఎవడు బాగా అల్లరి చేస్తున్నాడో చూసి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులూ చాపమని వాటికి ఊలు తగిలించేది. వాడిక కదిలితే ఒట్టు. "ఊలు తగిలిస్తే సైతాను గూడ సాధువైతడు మరిదీ" అనేది నాతో.

టోపీలు, చిన్న చిన్న స్వెట్టర్లు అల్లేది. వాటిని నా భార్య దవాఖానాకు తీసుకుపోయి, చలికాలంలో అడవి ఊళ్ల నుంచి కాన్పుకు వచ్చినవాళ్ల పిల్లలకు తొడిగేది. ఇక్కడి చలి మీలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. పొద్దున ఎనిమిదైనా మంచులో చెట్లు కనబడవు. పుట్టి గంట కాని పిల్ల నెత్తికి ఆ టోపీ అంటే ఏమిటో నర్సులను అడగండి. కాలక్షేపమని వాళ్లు అనరు.

ఇప్పుడు నా నేరం. ఎనిమిదేళ్ల కింద సర్కారు ఇంటింటి లెక్క రాయమని టీచర్లకు పని అప్పజెప్పింది. మా వీధి నాకే పడింది. మా అన్న వాటాలోకి పోయి మంచం మీద కూర్చుని ఫారం తీశాను. అన్న పేరు, పని డ్రైవరు. తర్వాత వదిన పేరు. ఆమె గడప మీద కూర్చుని ఉంది. నా చిన్నది ఆమె వీపుకు అంటుకుని ఊగుతోంది. ఆమె చేతిలో సూదులు ఆడుతున్నాయి. నేను తలెత్తనైనా లేదు. ‘పని’ అనే గడిలో నాకు నేనే రాసుకున్నాను.

ఆమె అల్లుతూనే అడిగింది. "మరిదీ, నా పేరు ఎదురుంగ ఏం రాసినవ్?"

"ఏమీ లేదు వదినా."

"ఏమీ లేకపోతే చూపెట్టరాదు?"

"అదే వదినా, ‘ఏమీ లేదు’ అని రాసిన."

సూదులు ఆగాయి. ఆమె లేచి వచ్చి, వీపు మీద పిల్లతోనే వంగి ఫారం చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. "అవ్, నిజమే సారూ. పొద్దుగాల నలుగురికి స్నానాలు పోసుడు ఏమీ లేదు. నీ కొడుకు ముడ్డి కడుగుడు ఏమీ లేదు. గీ స్వెట్టర్ ఏమీ లేదు. నీ బిడ్డ ఇప్పుడు నా వీపు మీద ఏం చేసిందో నీకు తెల్వది, అది గూడ ఏమీ లేదు. పట్టు, నీ ఏమీ లేదును నువ్వే కడుక్కో" అని పిల్లను నా ఒళ్లో పడేసింది. నా తెల్ల పంచె ఏమైందో రాయను.

దిద్దలేదు నేను. ఫారాలు అట్లాగే రాస్తారు, అందరూ అట్లాగే రాస్తున్నారు అన్నాను. మహా విప్లవకారుణ్ణి కదా! పైగా వాదన పెట్టుకున్నాను. అల్లిక సూది ఆడదాని చేతికి సంకెల అని అంతకు నెల ముందే ఒక వ్యాసం రాసి ఉన్నాను. అది చదివి వినిపించాను. ఆమె పూర్తిగా విని, "మంచిగ రాసినవ్. గది రాస్తుంటే నీ పిల్లలు ఎన్నిసార్లు పిలిచిండ్రు?" అని అడిగింది. ఒక్కసారీ పిలవలేదు. పిలిచి ఉంటే నాకు వినపడలేదు.

అప్పుడు చూపించింది తన ఎర్ర దారం. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టగా మిగిలిన దారం అది, చిన్న చిన్న ముక్కలుగా తుంచి ఒక పౌడరు డబ్బాలో పెట్టుకునేది. అల్లుతుండగా పిల్లలెవరైనా పిలిస్తే, సూది దించేముందు ఆ చోట ఒక ఎర్ర ముక్క ముడివేసేది. తిరిగొచ్చాక ఎక్కడ ఆగిందో తెలియాలి కదా. దానికి ఆమె పెట్టుకున్న పేరు ‘పిలుపు’. "ఈ కుడిచెయ్యికి ఏడు పిలుపులైనయ్. వీపుకు పందొమ్మిది" అని చెప్పేది. మొత్తం అయిపోయాక కూర్చుని ఆ ఎర్ర పోగులన్నీ ఏరి తీసేసేది. వేసుకున్నవాళ్లకు నున్నటి స్వెట్టరే కనపడేది. మన మోసమంతా అక్కడే ఉంది. పిలుపులు ఏరేసినాక వస్తువును చూసి, ఎంత తీరిగ్గా అల్లిందో అంటాం.

"సూది ఆగుతది మరిదీ, పిల్ల ఆగది" అనేది. ఇది విని తల్లి మనసు, త్యాగం అంటూ పాట ఎత్తుకోకండి, మీకు దండం పెడతాను. ఆమె త్యాగమూర్తి కాదు. ఆమెకు విసుగొచ్చేది. ఒకసారి సూదులు నేలకేసి కొట్టి, "ఒక్క వరుస! ఒక్క వరుస సాంతం అల్లనియ్యరా మీరు!" అని నలుగురి మీదా అరిచి, వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. నలుగురూ తలుపు బయట వరుసగా కూర్చున్నారు. కాసేపటికి నా కొడుకు, "పెద్దమ్మా, వరుస అయ్యిందా?" అని అడిగాడు. లోపల నుంచి నవ్వు వినపడింది. అల్లడం ఆమెకు ఇష్టం. పిల్లలూ ఇష్టమే. ఆ రెండు ఇష్టాలనూ ఒక్క మనిషి మెడకే కట్టి మనం మీటింగులకు పోయాం.

ఆ లెక్కల వారంలోనే ఆదివారం నేను పౌరుషానికి పోయి అన్నాను: "ఇయ్యాల నలుగురినీ నేను వాగుకు తోలుకపోత. నువ్వు సాంతం అల్లుకో."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ప్రార్థన అయినంక తోలుకపో. ఏం పట్టుకపోతున్నవ్?"

"పుస్తకం. వాళ్లు ఆడుకుంటుంటే చదువుకుంట."

ఆమె పౌడరు డబ్బాలోంచి గుప్పెడు ఎర్ర ముక్కలు తీసి నా జేబులో పోసింది. "పిలిచినప్పుడల్లా పుస్తకంల ఒకటి పెట్టు సారూ" అంది.

పెట్టాను, మొండితనంతో పెట్టాను. చెప్పు నీళ్లలో పోయింది, ఒకటి. వీడు నన్ను కొరికాడు, ఒకటి. ఉచ్చ, ఆకలి, ముల్లు, పీత, మళ్లీ ఉచ్చ. తినడానికి కట్టిచ్చిన అటుకులు విప్పేలోపే జేబు ఖాళీ అయింది. నేను మూడో పేజీలో ఉన్నాను. పుస్తకం ఎర్రటి గడ్డి మొలిచినట్టుంది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. ఒడిలో ఒక స్వెట్టర్ వీపు మొత్తం, అంచు దాకా అయిపోయి ఉంది. ఎర్ర దారం ఒక్కటీ లేదు. పిల్లలు లేక తోచలేదని చెబుతుందనుకున్నాను. మీరూ అదే అనుకున్నారు కదూ? "మస్తుగున్నది మరిదీ" అంది. "చెయ్యి దానంతటది పోయింది. మధ్యల లేచి చాయ్ తాగిన, వేడిగ. మల్లొక్కసారి తోలుకపోతవా?"

"తోలుకపోత" అన్నాను.

నా పుస్తకం తీసుకుని తిరగేసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత అడిగింది. "ఐతే ఆ కాయితం మీద దిద్దుతవా?"

అప్పటికే ఫారాలు మండలాఫీసుకు ఇచ్చేశాను. ఆ మాటే చెప్పాను.

"సరే. మల్ల లెక్క వచ్చినప్పుడు రాయి. మరిచిపోకు" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆ మాట స్థిరపడిపోయింది. ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా అని పిల్లలడిగితే, "ఏమీ లేదు చేస్తున్న" అనేది. వాగుకు పోయిన రోజు అల్లిన వీపుకు ముందు భాగమూ చేతులూ అల్లడానికి మళ్లీ ఆర్నెల్లు పట్టింది. వాటికి బోలెడు పిలుపులు. దాన్ని నాకే ఇచ్చింది. "ఇగో సారూ, నీకో ఏమీ లేదు అల్లిన. చలికి వేసుకో" అంది. ఎనిమిది చలికాలాలు వేసుకున్నాను. ఎనిమిదేళ్లలో ఆదివారాలు ఎన్నుంటాయి? మళ్లీ ఒక్కసారి కూడా పిల్లల్ని వాగుకు తీసుకుపోలేదు. ఎప్పుడూ ఏదో ఒక మీటింగు. ఆమె రెండుమూడు సార్లు గుర్తుచేసి, తర్వాత మానేసింది. మా నలుగురూ పెద్దయ్యారు. అరుగు మీదికి మాత్రం సంత పిల్లలు వస్తూనే ఉన్నారు. పౌడరు డబ్బాలో ఎర్ర ముక్కలు ఎప్పుడూ అయిపోలేదు.

ఇంటింటి లెక్క మళ్లీ రాబోతోందని బడిలో అనుకుంటున్నారు. ఈసారీ మా వీధి నాకే వస్తుందేమో. ఆమె పేరు రాయడానికి గడి ఉండదు. మల్ల వచ్చినప్పుడు రాయి అన్న మనిషి ఆగలేదు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు ఆమె బిడ్డ నన్ను పిలిచింది. పదమూడేళ్లది. దాని చేతిలో సగం అల్లిన పసిపిల్ల స్వెట్టర్, సూదులు ఇంకా దానికే ఉన్నాయి. ఇంటికి వచ్చిన చుట్టం ఒకామె ఏవో దారప్పోగులు అంటుకున్నాయనుకుని ఎర్ర ముక్కలు పీకబోతే, ఇది లాక్కుని వచ్చింది.

"బాబాయ్, ఇవి తియ్యాల్నా?"

"వద్దు బిడ్డా."

"మరి అమ్మ తీసేది కద."

ఆ పిల్లకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నాకు సంతాప సందేశాలు పంపకండి. కావలసినవి ఇవి:

ఒకటి. రాబోయే ఇంటింటి లెక్కలో కలం పట్టుకున్నది ఎవరైనా సరే, గడప మీద కూర్చున్న మనిషిని ఏం పని చేస్తావమ్మా అని అడగాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయాలి. గడి చాలకపోతే పక్కన రాయాలి.

రెండు. చనిపోయిన ఏ ఆడమనిషి గురించీ మైకులో "ఖాళీ సమయంలో" అనే మాట అనకూడదు. అంటే అక్కడే అడ్డుకోవాలి. మొన్న నేను అడ్డుకోలేదు.

మూడు. మా ఊరి సంత దగ్గర పంచాయతీ ఒక గది ఇవ్వాలి. నీళ్లు, నీడ, పిల్లల్ని చూసుకునే ఒక మనిషి, ఆ మనిషికి జీతం. ఇంకో అరుగును వెతుక్కోకూడదు.

నాలుగు. సభల్లో స్త్రీల గురించి మాట్లాడే నాలాంటి మగవాళ్లు వారానికి ఒక్క పూటైనా పిల్లల్ని బయటికి తీసుకుపోవాలి. తిరిగొచ్చాక ఆ పూట ఏం చేశావని ఇంట్లో ఆమెను అడగకూడదు. జేబులో ఎర్ర దారం పెట్టుకుపోవడం మరవకూడదు.

ఐదు. మా ఇంట్లో, కిటికీ పక్క మేకుకు ఆ సగం స్వెట్టర్ వేలాడుతోంది. పదకొండు పిలుపులున్నాయి. పదకొండోది వరుస మధ్యలో ఉంది. దాన్ని ఎవరూ తీయకూడదు.