అభ్యర్థి గారి ఆమెన్

డప్పులు మోగుతున్నంతసేపూ నాకు భయం వేయలేదు. సరిగ్గా మా గేటు ముందుకొచ్చి ఆగిపోయాయి చూడండి, అప్పుడు వేసింది. చేతిలో వేడి వేడి సేమియా పాయసం గిన్నె, హాల్లో చాపల మీద చర్చి సిస్టర్లు, వాళ్ళ మధ్యలో పాట ఎత్తుకోబోతున్న మా అత్తయ్య. ఎన్నికల ప్రచారం ఎవరి ఇంటి ముందైనా ఆగవచ్చు గానీ మా ఇంటి ముందు ఆగకూడదు.

ఆ రోజుల్లో నేను దేనికైనా భయపడగలిగేదాన్ని. (గ్యాస్ కట్టేశానో లేదోనని చిల్లకల్లులో బస్సు దిగి వెనక్కి వచ్చిన ఘనత నాది.) కాపురం జగ్గయ్యపేటలో, కొత్తగా వచ్చిన సర్కారు టీచరు ఉద్యోగం నందిగామ దగ్గర. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఇల్లు నా ఉద్యోగం మీదే నడిచేది. ఎన్నికలు వచ్చిన దగ్గర్నుంచి మా హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూములో రోజూ ఒకటే హెచ్చరిక: "పార్టీ వాళ్ళ పక్కన ఫొటోలో కనపడ్డారా, సస్పెన్షనే. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవద్దండి." అప్పట్నుంచి నేను గోడ మీద పోస్టరు ఉన్న వీధిలో కూడా తల వంచుకునే నడిచేదాన్ని.

సిస్టర్ల గృహప్రార్థన వారానికి ఒకరి ఇంట్లో జరుగుతుంది. ఖర్మ కాలి ఆ వారం మా వంతు. అందులో దేశం కోసం, నాయకుల కోసం చేసే ప్రార్థన మా అత్తయ్యది. వార్డు కౌన్సిలరు దగ్గర మొదలుపెట్టి ఢిల్లీ దాకా ఎవర్నీ వదిలేది కాదు. పదవిలో ఉన్నవాళ్ళూ, ఊడినవాళ్ళూ, రాబోయేవాళ్ళూ అందరూ అందులో ఉండేవాళ్ళు.

గేటు చప్పుడైంది. పిల్లలిద్దర్నీ వంటింట్లోకి లాగి, "ఎవరేం అడిగినా మాకేం తెలీదని చెప్పండి" అన్నాను. అంతలోనే అభ్యర్థి గారు దండలతో సహా హాల్లోకి వచ్చేశారు. పొద్దున్నే పరిటాల హనుమంతుడికి మొక్కుకుని వచ్చారేమో, నుదుట సిందూరం ఇంకా చెరగలేదు. వెనకాల కండువాలవాళ్ళు, అందులో ఒకతను ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. "పెద్దమ్మా, నాక్కూడా ఒక్క ప్రార్థన చెయ్యమ్మా" అంటూ ఆయన చాప మీద కూర్చోబోతూ, నా చెయ్యి విడిపించుకుని తొంగిచూస్తున్న మా పాప బుగ్గ గిల్లారు.

"నీ పేరేంటి తల్లీ?"

"మాకేం తెలీదండీ."

"ఏం చదువుతున్నావు?"

"మాకేం తెలీదండీ."

ఆయన వెనక్కి తిరిగి, "చూశారా చదువులు ఎట్టా తగలడ్డాయో! మనం రాగానే ముందు బళ్ళు బాగుచెయ్యాలి" అన్నారు. (తల్లి టీచరని ఆయనకు తెలియకపోవడమే మేలైంది.)

తలుపు చాటునే ఉండిపోదామనుకున్నాను. "అమ్మాయ్, అక్కడేం చేస్తున్నావు? వచ్చి మోకరించు" అని కేకేసింది అత్తయ్య. ప్రార్థనకు పిలిస్తే రాననడం మా ఇంట్లో లేదు. వచ్చి, ముసుగు కొంగును ముక్కు దాకా లాక్కుని, గోడ వైపు తిరిగి మోకరించాను. ఫోను అటు కూడా వచ్చింది.

అత్తయ్య ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఒకసారి చెయ్యి పెట్టిందంటే ప్రార్థన అయ్యేదాకా తియ్యదు. "దయగల తండ్రీ, ఈ బిడ్డ ఎండలో తిరుగుతున్నాడు, షుగరు కూడా ఉందంట, ఆరోగ్యమియ్యి నాయనా." సిస్టర్లందరూ "ఆమెన్" అన్నారు. అభ్యర్థి గారు ఇంటింటికీ తిరిగి అలవాటైనవారేమో, అందరికంటే గట్టిగా "ఆమెన్!" అన్నారు. "అట్టాగే తండ్రీ," అని అత్తయ్య అదే ఊపులో, ఆయన మీద పోటీ చేస్తున్నాయన పేరు ఇంటిపేరుతో సహా పలికింది. "ఆ బిడ్డక్కూడా మోకాళ్ళ నొప్పులు తగ్గించు. ఊరూరా తిరిగే బలమియ్యి. ఆయన ప్రయాసను దీవించు."

"ఆమెన్!" అన్నారు అభ్యర్థి గారు, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి.

ఈసారి ఆయన గొంతు ఒక్కటే వినపడింది. ఆయన ఒక కన్ను తెరిచారు. అత్తయ్య చెయ్యి మాత్రం తల మీద నుంచి కదల్లేదు. రోడ్లూ, పెనుగంచిప్రోలు మిరప రైతులూ, కలెక్టరు గారూ అందరూ అయ్యాకే వదిలింది.

వీడియో తీసినతను ఫోను చూసుకుని నీళ్ళు నమిలాడు. "అన్నా, ఇది గ్రూపుల్లో పెడితే... అవతలి పార్టీవాళ్ళు కటింగు చేసి ఆడుకుంటారన్నా."

"తీసెయ్ రా. నా ముందే తీసెయ్. ఫొటోలు కూడా!"

నా ప్రాణం అప్పుడు మోకాళ్ళ మీద నుంచి లేచింది. ముసుగు తీసి, అందరికీ సేమియా పెట్టాను, ఆయనకు మాత్రం షుగరు గుర్తొచ్చి మజ్జిగ ఇచ్చాను.

"ఏం పెద్దమ్మా," అన్నారాయన నవ్వుతూనే, "నా కోసం చెయ్యమంటే ఆయన మోకాళ్ళు బాగుచేయించావే?"

"నీ షుగరు ముందు చెప్పాగదయ్యా!"

వాళ్ళు వెళ్ళాక, "కావాలనే అట్లా చేశారా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "కావాలనేంటే? బైబిల్లో అధికారుల కోసం ప్రార్థించమన్నారు గానీ, మనకు నచ్చినోళ్ళను ఏరుకోమన్లేదుగా" అని గిన్నెలు సర్దుకుంది.

ఎవరు గెలిచారో చెప్పను. (ఇప్పటికీ సర్కారు ఉద్యోగినే.) ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాసుకుంటుంటే, గోడ వైపు తిరిగి ముసుగులో వణికిన ఆ అమ్మాయి మీద జాలీ, నవ్వూ కూడా వస్తున్నాయి. ఆమె ఆ సాయంత్రం దేవుణ్ణి అడిగింది ఫోను పాడైపోవాలని మాత్రమే. పక్కనే అత్తయ్య ఊరంతటి కోసం అడుగుతోంది.

ఆ ప్రార్థన జరిగిన మర్నాడు జడలు వేస్తుంటే మా పాప అడిగింది: "అమ్మా, స్కూల్లో నిన్నటి సంగతి అడిగితే మాకేం తెలీదనే చెప్పాలా?"

"వద్దమ్మా," అన్నాను. "మా నాయనమ్మ ఇద్దరి కోసమూ ప్రార్థన చేసిందని చెప్పు. ఇద్దరూ అనేది మాత్రం గట్టిగా చెప్పు."