కొండ మీద ఆయ్

ఆ రోజుల్లో మా కోనసీమ కుర్రాళ్లకి కొండ అంటే సినిమా పాటలో హీరో దొర్లే చోటు. మాకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టే (దాని మీదికీ బండేసుకునే ఎక్కేవాళ్లం). అలాంటి నన్ను పెళ్లిచూపుల్లో హైదరాబాదు అమ్మాయి "మీకు ట్రెక్కింగ్ ఇష్టమేనా?" అని అడిగింది. "ఆయ్" అన్నాను. మా వైపు ఆయ్ అంటే అవుననే కాదు, వింటున్నామని, చిత్తమని, దయచేసి వదిలేయమని కూడా. మర్యాద కొద్దీ దానంతట అదే వచ్చేస్తుంది. ఆవిడ మాత్రం అవుననే పుచ్చుకుంది. "అయితే ఒక రోజు పాపికొండల అడవిలో నడుద్దాం. నా జవాబు అక్కడే చెప్తాను" అంది. అప్పటికే మనసు పారేసుకున్నవాణ్ణి, కాదనే దమ్ము నాకెక్కడిది?

తోడుగా మా వైపు నుంచి మా బావ, ఆవిడ వైపు నుంచి వాళ్ల పిన్నిగారు వచ్చారు. కొండని చూడగానే బావ, "పిన్నిగారికి తోడు నేనుంటానండీ, మీరెళ్లి రండి" అంటూ పులిహోర డబ్బాతో సహా చెట్టు కింద చతికిలబడ్డాడు. గైడు ముందు, ఆవిడ వెనక, ఆ వెనకెక్కడో బిగుతు బూట్లతో నేను. "పర్లేదా?" అని ఆవిడ అడిగేది. "ఆయ్." "ఇంకాస్త పైకి వెళ్దామా?" "ఆయ్." ఇంతలో రాయి మీద కాలు జారి మడమ మెలిపడింది. "ఆఆయ్!" అని అడవి అదిరేలా అరిచాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చూశారా ఆయన హుషారు! గైడు గారూ, ఆ రెండో కొండ కూడా ఎక్కేద్దాం!"

రెండో కొండ సగంలో కూలబడిపోయాను. ఆవిడ వెనక్కి వచ్చి, వాచిన మడమ చూసి, "దిగిపోదామా?" అంది. "ఆయ్!" అన్నాను, ప్రాణం లేచొచ్చినట్టు. ఈ ఆయ్‌లో తేడా ఆవిడ చెవికి తగిలింది.

"అంటే ఇందాకటివన్నీ?"

"మర్యాదకండీ."

"ఆ పెద్దది?"

"అది నెప్పండీ."

ఆవిడ నవ్వీ నవ్వీ నా పక్కనే కూలబడింది. నా పెళ్లి అక్కడితో సరి అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ, "మరి నన్ను చేసుకుంటారా?" అంది.

"ఆయ్."

"ఇది ఏ ఆయ్?"

"అవుననేనండీ!" అన్నాను. జీవితంలో అంత స్పష్టంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఇన్నేళ్లు అమలాపురంలో ఉండేసరికి ఆవిడకీ ఆయ్ అంటుకుంది. మొన్న నేనే ధీమాగా, "మళ్లీ పాపికొండలు వెళ్దామా?" అన్నాను. ఆవిడ మోకాలు పట్టుకుని కుర్చీలోంచి లేస్తూ "ఆయ్" అంది. అది ఏ ఆయ్యో నాకింకా తేలలేదు. బూట్లు మాత్రం దులిపి పెట్టుకున్నాను.