నాయన పెట్టిన సిందూరం

మొన్న దసరాకు మా ఎదురింటాయన కొత్త ఆటోకు పూజ చేయించి, అద్దం మీద ఆంజనేయస్వామి సిందూరంతో బొట్లు పెడుతుంటే, ప్రసాదానికి రమ్మని పిలిచినా పోకుండా తలుపు దగ్గరకు వేసుకుని లోపల కూర్చున్నాను. ముసలితనంలో చాదస్తం ఎక్కువైందని మా ఇంటావిడ గొణిగింది గానీ, ఆ రంగు చూస్తే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుందని ఆమెకు తెలియక కాదు.

మార్కాపురంలో నేను పనిచేసిన ఎక్స్‌రే సెంటరు చాలాకాలం ఫిల్ముల మీదే నడిచింది. చీకటిగదిలో ఫిల్మును మందునీళ్లలో ముంచి, కడిగి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టేవాళ్లం. ఆ పుల్లటి వాసన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అట్లాంటిచోటికి ఫిల్ము అక్కర్లేని సెన్సరు వస్తోందంటే నాకంటే మా నాయనకే సంబరం. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర, ఆ రాతిదుమ్ములోనే ఆయన జన్మంతా గడిచింది. నెలల తరబడి దగ్గుతూ కూడా, ఎక్స్‌రే ఫొటో తీయించుకోమంటే, నీ కొత్త మిషను రానీలే, బోణీ నాదే అని నన్ను ఆటపట్టిస్తూ దాటవేశాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు సెన్సరు మీద తెల్లని పలుచటి పొర ఒకటి పరిచాడు. సింటిలేటర్ షీటు అంటారట. కిరణం తగిలినచోట అది సన్నగా వెలుగుతుంది, ఆ వెలుగును కింద ఉన్న సెన్సరు పట్టుకుని కంప్యూటరు తెర మీద బొమ్మ చేస్తుంది. నల్లని మూత బిగించి, మేం టీ తాగివచ్చి, మనిషిని నిలబెట్టకుండా ఖాళీగా ఒకసారి తీసి చూస్తే, అంతా ఒకే రంగులో రావలసింది, నడుమ మూడు తెల్ల మచ్చలు వచ్చాయి. సెన్సరు పాడైందని ఆ ఇంజనీరుకు ముచ్చెమటలు పట్టాయి. తీరా చూస్తే మూత మీద మూడు బొట్లు! బోణీకని పొద్దున్నే వచ్చి కూర్చున్న మా నాయన, మేం లేనప్పుడు సిందూరం తెచ్చి దానికి పూజ కానిచ్చేశాడు. ఆ సిందూరంలో సీసం ఉంటుందట, కిరణాన్ని దాటనివ్వదట. అందరం పడీపడీ నవ్వాం, స్పిరిటుతో తుడిచేశాను.

నాయన చొక్కా విప్పి నిలబడ్డాడు. గాలి పీల్చి బిగబట్టమన్నాను. క్షణంలో బొమ్మ వచ్చేసింది. ఊపిరితిత్తులు రెండింటి నిండా రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు. ఇంజనీరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయన మాత్రం వచ్చి తెరలోకి వంగి చూసి నవ్వినాడు.

"నా చేతి సిందూరమే రాలినట్టుందిరా, ఇంకోతూరి తుడిసి చూడు."

నేనూ ఆ మాటనే పట్టుకున్నాను. రాతిదుమ్ము పీల్చిన ఫ్యాక్టరీ మనుషుల ఫిల్ములు ఇట్లాంటివి ఎన్ని చూశాను, నాకు తెలియదా. కానీ ఆ పూటకు నాకేమీ తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. మళ్లీ తుడిచి, ఖాళీగా తీశాను. ఒక్క మచ్చ లేదు. అయితే తన ఒంటికే అంటిందేమోనని, నాయన తువ్వాలు తడిపి తెచ్చుకుని, రొమ్మంతా కందిపోయేదాకా రుద్దుకుని మళ్లీ నిలబడ్డాడు.

అవే చుక్కలు, ఉన్నచోటే ఉన్నాయి. వాటినే చూస్తూ, గాలి వదలమని చెప్పడం మరిచిపోయాను. ఆయన నా మాట కోసం అట్లాగే బిగబట్టి నిలబడ్డాడు, దగ్గు తెర వచ్చి వంగిపోయేదాకా. ఆ దగ్గులోనే, "ఏంది, పోయినాయా?" అని అడిగినాడు. ఆ తర్వాత వచ్చిన దసరాకు ఆయన లేడు.

ఇప్పుడు ఎక్కడికి పోయినా క్షణంలో బొమ్మ. మంచిదే, కాదనను. కానీ ఫిల్ము ఆరేదాకా మనిషి చొక్కా తొడుక్కుని, బయట బెంచీ మీద కూర్చుని, ఏమీ ఉండదులే అనుకోవడానికి కాస్త వ్యవధి ఉండేది. ఊరందరికీ దొరికిన ఆ కాసేపు మా నాయనకు దొరకలేదు. మధ్యాహ్నం కునుకు పట్టినా చాలు, ఆయన ఆ సెన్సరుకు రొమ్ము ఆనించి నిలబడే ఉంటాడు. గాలి వదులు నాయనా, వదులు అని అరుస్తాను. ఆయనకు వినపడదు.