జబ్బు అనే రాసుకోండి

మార్లిస్ నొవాట్నీ నెబ్రాస్కాలో గూడ్సు బండ్ల మీద ఇరవై రెండేళ్లుగా కండక్టరు, మన గార్డు లాంటి పని. ఫోను మోగిన తొంభై నిమిషాల్లో యార్డులో ఉండాలి. అది ఎప్పుడు మోగుతుందో దేవుడికి కూడా తెలియదు. స్నానం మధ్యలో మోగింది, చర్చిలో మోగింది, కూతురి పెళ్లి విందులో కేకు కోస్తుంటే మోగింది. రానంటే హాజరు లెక్కలో పాయింట్లు కోస్తారు. పాయింట్లన్నీ అయిపోతే విచారణ, ఆపైన ఉద్యోగం హుళక్కి. జబ్బు చేసినా అంతే. ఆ కంపెనీ దృష్టిలో జ్వరానికీ బద్ధకానికీ తేడా లేదు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో ఆమె చంకలో గడ్డ లేచింది. మూడుసార్లు డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసుకుంటే, మూడుసార్లూ బొగ్గు బండికి పిలుపు వచ్చింది. ఆమెతో పదేళ్లుగా బండి నడుపుతున్న డ్వేన్ ఇక ఉండబట్టలేక ఉపాయం చెప్పాడు.

"ఎందుకు తల్లీ నీకీ తిప్పలు? యూనియన్ నాయకురాలివి కదా. పిలుపొస్తే, రాకపోవడానికి కారణం ఫోన్లో 'యూనియన్ పని' అని నొక్కెయ్. ఒక్క పాయింటు పోదు. మన పెద్దలంతా చేసేదదే."

"మరి నీకు గుండెల్లో నొప్పొస్తే ఏం నొక్కుతావ్?"

"నాకా మీట లేదుగా."

"అయితే నోర్మూసుకుని బండి నడుపు."

నాలుగోసారి మార్లిస్ 'జబ్బు' అని నొక్కి ఆసుపత్రికి వెళ్లింది. గడ్డ వల్ల భయం లేదని తేలింది. ఉన్న పాయింట్లు మాత్రం ఊడ్చుకుపోయాయి. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది, విచారణకు హాజరు కావాలని, ఉద్యోగం తీసేయవచ్చని. ఏమీ లేదని తేలిందిగా, ఇంకా ఎందుకు మండిపడతావని అడిగినవాళ్లున్నారు. ఏమీ లేదని తెలుసుకోవడానికే ఉద్యోగం పణంగా పెట్టాల్సి వచ్చింది కాబట్టే ఆమెకు ఒళ్లు మండింది.

కొత్త ఒప్పందం మీద బేరసారాలు అప్పటికే మూడో ఏట పడ్డాయి. ఒమాహాలో ఒక హోటల్లో బల్లకు అటు కంపెనీవాళ్లు, ఇటు యూనియన్ తరఫున మార్లిస్‌తో కలిపి ఆరుగురు. కంపెనీ తరఫున మాట్లాడే విట్లాక్ ఎప్పుడూ గొంతు పెంచడు. జీతాలు బాగానే పెంచుతామన్నాడు. జబ్బు సెలవు మాట మాత్రం ఎత్తవద్దన్నాడు. యూనియన్ పెద్ద గ్రేడీ స్టెన్స్రుడ్ అప్పటికే మెత్తబడ్డాడు. ఇంతకన్నా రాదులే అన్నట్టు తల ఊపుతున్నాడు.

కాఫీకి లేచినప్పుడు విట్లాక్ నడవాలో మార్లిస్‌ను పక్కకు పిలిచాడు.

"మీ నోటీసు సంగతి విన్నానండీ. ఆ రోజు మీరు పొరపాటున జబ్బు అని నొక్కి ఉంటారు. ఈ కాగితం మీద సంతకం పెట్టండి, యూనియన్ పని అని మార్పిస్తాను. ఇంతటితో అయిపోతుంది. మీ వాళ్లకి కాస్త నచ్చజెబితే సంతోషం."

మార్లిస్ కాగితం తీసుకుంది. మిగతావాళ్లంతా వచ్చి కూర్చునేదాకా ఆగి, నిలబడి దాన్ని పైకి చదివింది.

"నేనేం పొరపాటు చెయ్యలేదు. నాకు జబ్బు చేసింది, జబ్బు అనే నొక్కాను. జబ్బు అనే రాసుకోండి," అని, తన వాళ్లవైపు తిరిగింది. "ఇప్పుడు మీరు చెప్పండి. యూనియన్ పని అని నొక్కి డాక్టరు దగ్గరికెళ్లినవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. సిగ్గుతో లేవలేదని ఆమెకు తెలుసు.

"గ్రేడీ, నీ మోకాలి ఆపరేషన్ ఏ యూనియన్ మీటింగులో చేశారు?"

ఆయన మెడదాకా ఎర్రబడ్డాడు. తిడతాడనుకుంది. కానీ ఆ మనిషి మెల్లగా చెయ్యెత్తాడు. ఆయన్ని చూసి మిగతా నలుగురూ ఎత్తారు.

"మిసెస్ నొవాట్నీ, దీంతో మీ ఉద్యోగం పోవచ్చు, తెలుసుగా?" అన్నాడు విట్లాక్.

"పోతే పోయింది. ముందు వీళ్లకి కూడా నోటీసులు పంపండి. లేదంటే పిలిస్తే వచ్చే ప్రతివాడికీ జబ్బు సెలవివ్వండి. నాకొక్కదానికే దయ చూపించడం కుదరదు."

విట్లాక్ గడియారం చూసుకుని, భోజనానికి లేద్దామన్నాడు. కింద వేడివేడి చిల్లీ మాంసం కూర, దాల్చినచెక్క రొట్టెలు సిద్ధంగా ఉన్నాయట.

"మీరెళ్లి తినండి. సెలవు మాట తేలేదాకా మేం ఈ కుర్చీల్లోంచి లేవం," అన్నాడు గ్రేడీ, చెయ్యి ఇంకా దించకుండానే.

విచారణ జరిపి మార్లిస్‌ను ముప్పై రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. తప్పు ఒప్పుకుంటే పదిరోజులతో సరిపెడతామంటే ఒప్పుకోలేదు. వసంతానికి ఒప్పందం కుదిరింది. పాయింట్లు పోకుండా, జీతంతో ఏడాదికి నాలుగు రోజుల జబ్బు సెలవు. అంతవరకూ ఒక్కరోజు కూడా దక్కనివాళ్లు యార్డులో ఒకరినొకరు కౌగిలించుకున్నారు. డ్వేన్ ఆమెకు బీరు తెచ్చి పెట్టాడు. ఆమె బీరు తాగింది. ఆ ఒప్పందానికి సభ్యుల ఆమోదం అడిగే ఓటు కాగితం ఇంటికి వచ్చాక, మనిషి ఏడాదికి నాలుగు రోజులే జబ్బుపడతాడని ఏ డాక్టరు చెప్పాడో కంపెనీని అడగమని గ్రేడీకి ఫోను చేసి, వ్యతిరేకంగా ఓటేసింది.