కండక్టరు వరలక్ష్మి గారి పూల సెంటు

మొన్న తోటి ఉద్యోగిని కూతురి పుట్టినరోజుకి ఏదైనా కొందామని విజయనగరంలో ఒక ఫ్యాన్సీ షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గరి అమ్మాయి సన్నటి కాగితం ముక్క మీద సెంటు చిమ్మి నా ముక్కు దగ్గర పెట్టింది. తెల్లపూల వాసన. మల్లె అంత ఘాటు లేదు. పారిజాతాలు ఏరి సజ్జలో పోశాక దోసిట్లో మిగులుతుందే, అలాంటిది. "ఇది నెమ్మదస్తులకి బావుంటుంది మేడం, గట్టిగా మాట్లాడని వాళ్ళకి," అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల కంగారుపడిపోయింది. నిన్ను చూసి కాదమ్మా అని సర్దిచెప్పి సీసా కొన్నాను. ఆ వాసన నేను మొదట పీల్చింది రాజాం నుంచి విజయనగరం వెళ్ళే మొదటి బస్సులో. అది రాసుకున్న మనిషి గొంతు, బస్సు కదలకముందే స్టాండు దాటి రోడ్డు మీదికి వినబడేది.

ఆవిడ పేరు వరలక్ష్మి. ఆ బస్సుకి కండక్టరు. నేను డిగ్రీలో చేరేనాటికి యాభైకి దగ్గరపడుతున్నారు. చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, భుజాన సంచీ తగిలించుకుని, బయలుదేరే ముందు అందులోంచి బొటనవేలంత సీసా తీసేవారు. మణికట్టు మీద ఒక చుక్క, చెవుల వెనక చెరో చుక్క. సీసా లోపల పెట్టేసి అప్పుడు గొంతెత్తేవారు. "సీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, ఇజీనగరం. ఎక్కేవోళ్ళు బేగి ఎక్కండి, గుమ్మంలో నిల్సుంటే బస్సు కదల్దు." పాల క్యాన్లు, వంకాయ బుట్టలు, ఎండుచేపల గంపలు, గరివిడిలో పనికి దిగే మగవాళ్ళు, వీటన్నిటి మధ్యా ఆ పూలవాసన సన్నగా నిలిచే ఉండేది. రోజూ ఎండుచేపలు తీసుకెళ్ళే సింహాచలం అనే పెద్దాయన ఒకసారి, "కండక్టరుకి సెంటెందుకు లక్ష్మమ్మా?" అన్నాడు. "నీ ఎండుసేపల గంపకి లగేజీ టికెట్టు కొట్టి మరీ వాసన పీలుస్తన్నాను. నా వాసన నువ్వు ఉత్తినే పీల్సుకో," అన్నారావిడ. బస్సంతా నవ్వింది, సింహాచలంతో సహా.

నేను రాజాంకీ చీపురుపల్లికీ మధ్య మలుపులో ఎక్కేదాన్ని. అప్పుడు నాకు గొంతు లేదు. ఇంట్లో మాటలన్నీ నాన్నవి, క్లాసులో అన్నీ లెక్చరర్లవి. ఒక సాయంత్రం తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. మలుపు వచ్చింది, దాటిపోయింది. ఆపమని అనలేకపోయాను. రెండు మైళ్ళ అవతల ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకే దిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలని పొలం గట్ల వెంట నడిచాను. మర్నాడు వరలక్ష్మి గారు టికెట్టు చేతిలో పెడుతూ అడిగారు.

"నిన్న నీ మలుపు కాడ దిగనేదేటే గుంటా?"

"చెప్పడానికి మొహమాటమేసిందక్కా."

"మలుపు నీదే కదా. ఆపమనడానికి మొగమాటమేటి?"

కోప్పడ్డారనుకున్నాను. ఆ రోజు నుంచి సాయంత్రం మలుపు రాగానే నా వైపు చూసి ఊరుకునేవారు. నేను నోరు తెరిచేదాకా డ్రైవరుకి చెప్పేవారు కాదు. రెండుసార్లు దాటిపోయి దిగాను. మూడోసారికి "ఆపండి" అన్నాను.

ఆ చలికాలం ఆవిడ గొంతు పాడయింది. విశాఖపట్నంలో డాక్టర్లు గొంతులో చిన్న కాయేదో తీసేసి, నెలా పదిరోజులు మాట్లాడొద్దన్నారట. సెలవులన్నీ అంతకుముందు వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడే అయిపోయాయి. పదో రోజున మెడకి మఫ్లరు చుట్టుకుని డ్యూటీకి వచ్చేశారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి టికెట్ కాగితం వెనక రాసి చూపించారు. "నా బదులు నువ్వు కేకెయ్యి."

చీపురుపల్లి దగ్గరపడగానే లేచి ఊరి పేరు అన్నాను. నాకే వినబడలేదు. "ఏటంతంది ఈ గుంట?" అని ఒక బుట్టావిడ పక్కావిణ్ణి అడిగింది. అందరూ నవ్వారు. వరలక్ష్మి గారు నవ్వలేదు. వెనక సీట్లో తలపాగా జారిపోయి నిద్రపోతున్న ముసలాయన్ని వేలితో చూపించి, మళ్ళీ రాశారు. "అతను దిగాల. అతనికి ఇనబడితే సాలు. మిగతావోళ్ళని వొగ్గీ." నేను అతనొక్కణ్ణే చూస్తూ అరిచాను. ఉలిక్కిపడి లేచి, సంచీ వెతుక్కుని దిగిపోయాడు. ఆ పూట గరివిడి, నెల్లిమర్ల కూడా నేనే అరిచాను. నెల రోజులు అరిచాను. ఆవిడ మాట లేకుండా సీట్ల మధ్య నడుస్తుంటే, కళ్ళు మూసుకున్న వాళ్ళు కూడా వాసనని బట్టి, లక్ష్మమ్మ వచ్చినాదని టికెట్టుకి చెయ్యి చాపేవారు.

గొంతు తిరిగొచ్చింది కానీ సగమే వచ్చింది. గాలి కలిసిన, లోతైన చిన్న గొంతు. మొదటి రోజు ఆ గొంతుతో టికెట్టు అడిగితే సింహాచలం ప్రేమగానే అన్నాడు. "ఇప్పుడు కుదిరినాది లక్ష్మమ్మా, నీకూ ఆ సెంటుకీ. మెత్తగా ఉన్నావు." ఆవిడ టికెట్టు అతని చేతిలో పెట్టి ముందుకి కదిలారు. నిజానికి ఆ ఉదయం ఆ గొంతు వినగానే నేనూ అదే అనుకున్నాను. గరివిడిలో జనం దిగాక నా పక్కన కూలబడ్డారు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆవిణ్ణి అలా చూడడం నాకదే మొదలు.

"ఇన్నాళ్ళూ నాకు కుదర్లేదేటే?"

సంచీ ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ ఆవిడే అన్నారు.

"ఉజ్జోగంలో కొత్తగా సేరినప్పుడు జరగమంటే ఎవడూ జరిగేవోడు కాదు. అరవడం నేర్సుకున్నాను. ఈ వాసన అంతకు ముందు నుంచీ నాకిష్టం. అరిసిందీ నానే, రాసుకున్నదీ నానే. ఒకదానికోసం రెండోది ఎందుకు మానాల?"

అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నెల్లిమర్ల రాగానే ఆవిడ అడక్కుండానే లేచి కేక వేశాను.

నేను డిగ్రీ పూర్తి చేసేసరికి ఆవిణ్ణి రాజాంలో ఎంక్వైరీ కౌంటరుకి మార్చారు. తర్వాత అక్కడే రిటైరయ్యారు. నేనిప్పుడు ఒక ఆస్పత్రిలో ఓపీ కౌంటరు దగ్గర పనిచేస్తున్నాను. చీటీ రాయడం, పేరు పిలవడం, డాక్టరు గదికి పంపడం నా పని. కిందటేడు కంటి పరీక్ష చీటీల్లో వరలక్ష్మి అన్న పేరు కనబడింది. ఆ పేరు చాలామందికి ఉంటుంది కదా అనుకుంటూ పిలిచాను. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి గొంతెత్తి పిలిస్తే, హాలు చివర గోడవారన కూర్చున్న ఆవిడ నింపాదిగా లేచి నడిచి వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆవిడ కంటే అడుగు ముందే వాసన నన్ను చేరింది.

"మొదటిసారి వినబడలేదా అక్కా?"

"ఇనబడినాది. నీ గొంతు ఎందాక వస్తాదో సూద్దామని కూకున్నాను."

"ఎందాక వచ్చింది?"

"పరవానేదు. ఎనక బెంచీవోళ్ళు తలెత్తినారు."

ఆవిణ్ణి చేయిపట్టి డాక్టరు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చాను. అంతకు ముందు రెండుసార్లు పిలిచి, పలక్కపోతే చీటీ పక్కన పెట్టేసేదాన్ని. ఇప్పుడు మూడుసార్లు పిలుస్తాను. అప్పటికీ ఎవరూ లేవకపోతే చీటీ పట్టుకుని హాలు చివరిదాకా నడుస్తాను. అక్కడ నిద్రపోయినవాళ్ళు ఉంటారు. తమ పేరు విని కూడా, పిలిచింది తమని కాదేమోనని కూర్చుండిపోయినవాళ్ళూ ఉంటారు.