ముందు విత్తిన అనపచేను

మడకశిర పక్క పల్లెలో ఉండే సుంకన్నకు తెలియని పంట లేదు. ఆ సంగతి పంటలకే ఇంకా తెలియదు. ఈ మాట అన్నది ఊరివాళ్ళు కాదు, సుంకన్నే. తన తెలివిని తానే వెక్కిరించుకోవడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆ పనికి కావలసిన సరుకు ఆయన దగ్గర దండిగా ఉంది మరి.

ఎండాకాలంలో కూతురు భారతి అత్తగారింటి నుంచి ఫోన్ చేసింది. ఆమెకు మూడో నెల. "ఏం తిన్నా లోపల నిలవదు నాయనా. పితికిన పప్పు తినాలని ఉండాది" అంది. చిక్కుడు జాతి అనపకాయల పచ్చి గింజలు నానబెట్టి, పొట్టులోంచి ఒక్కొక్కటే పితికి వండే పప్పు అది. చలికాలంలో తప్ప దొరకదు. "శ్రావణానికల్లా నీ కంచంలో ఉంటాది చూడు" అని సుంకన్న మాటిచ్చేశాడు.

అందరికంటే రెండు నెలలు ముందే, తొలకరికే అరెకరం అనప విత్తాడు.

"పాత విత్తనమప్పా ఇది, మంచు పడందే పూత పట్టదు" అన్నాడు పక్క చేను తిప్పేష్.

"ముందు విత్తితే ముందు కాస్తాది. దానికేమన్నా పంచాంగం చూడనొస్తాదా?" అని సుంకన్న నవ్వేశాడు.

వాన మొహం చాటేస్తే బిందెలతో నీళ్ళు మోశాడు. తీగలు గట్టెక్కాయి, కంచె ఎక్కాయి, ఎండిన బోరు మీద మోటారు పెట్టెనూ కప్పేశాయి. పూత మాత్రం లేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది. ఆ తీగ కోసి వేస్తే ఆవు నున్నగా తయారైంది. "ఊర్లో నా సేద్యాన్ని మెచ్చుకున్నేది అదొక్కటే" అని అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. కానీ పురిటికి వచ్చిన కూతురు రోజూ "పూసిందా నాయనా?" అని అడుగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కార్తీకంలో భారతికి ఆడపిల్ల పుట్టింది. మంచూ మొదలైంది. సుంకన్న చేనూ, తీరిగ్గా విత్తిన తిప్పేష్ చేనూ ఒకే వారంలో పూశాయి. కాయలో గింజ ముదిరే వేళకు భారతి బాలింత పథ్యంలో ఉంది.

"పసిదానికి కడుపుబ్బుతాది. అనపగింజ ముట్టేది లేదు" అని సుంకన్న భార్య రామాంజినమ్మ తేల్చేసింది.

"నా కూతురు తినేదాకా నేనూ ముట్టను" అని సుంకన్న ఒట్టేశాడు. తిరగమోత చిటపటలు వినబడేదాకా ఆ ఒట్టు మీద నిలబడ్డాడు. ఆ తర్వాత రాగిముద్దతో రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

చెయ్యి కడుక్కోబోతుంటే లోపలి నుంచి భారతి పిలిచింది. "కడుక్కోవద్దు నాయనా, అట్లే ఈడికి రా."

దొంగలా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ఆయన చేతిని మొహం దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని, గట్టిగా వాసన పీల్చింది.

"బాగుండాదా?" అని అడిగింది.

ఊరందరినీ నవ్వించే సుంకన్న "ఉప్పు చాల్లేదు లేమ్మా" అని అబద్ధమాడాడు.