మహబూబ్ భాయ్ ఇంటి నేల

ఇన్నేళ్లుగా గుండెల మీద ఒక ఇసుక కుప్ప మోస్తున్నాను. పేరు రాయను. నువ్వెవరో తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నాను.

శామీర్‌పేట దగ్గర నీటిశుద్ధి ప్లాంటులో సూపర్‌వైజర్‌ని. లోతు బోర్ల నీళ్లు ఇసుక ట్యాంకుల్లో వడకట్టి పంపుతాం. పాత ఇసుక తీసినప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్లు అడిగి పట్టుకెళ్లడం మా దగ్గర మామూలే. కడిగిన ఇసుక, ఎవరికి చేదు? మా దగ్గరే పనిచేసే మహబూబ్ భాయ్ ఇల్లు కడుతున్నాడని నేనే పిలిచి ఒక ట్రాక్టరు ఇచ్చాను. గదుల్లో పరిచి పైన బండలు వేసుకున్నాడు.

తర్వాత మీటర్లతో అధికారులొచ్చారు. భూమి లోపలి రాళ్లలో సహజంగా ఉండే రేడియోధార్మిక పదార్థం నీళ్లతో వచ్చి ఆ ఇసుకలో పేరుకుందని ఆఫీసు గదిలో ఇంగ్లీషులో చెప్పారు. అంతా డ్రమ్ముల్లో నింపి, మూతలు బిగించి లారీలో పంపాలన్నారు. బయటికొచ్చి, "ఇంతేనా? ఎవరికైనా ఇచ్చారా?" అని ఒకాయన అడిగాడు.

"ఇంతే సార్."

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందని. మంచి కారణం వెతకొద్దు, లేదు.

పక్కనే మాస్కు కట్టుకుని ఇసుక ఎత్తుతున్న మహబూబ్ భాయ్ ఆ ప్రశ్నా, నా జవాబూ విన్నాడు. వాళ్లు వెళ్లాక దగ్గరకొచ్చాడు.

"నీ నౌకరి పోతదని నేను గూడ నోరిప్పలే అన్నా. గింతకూ గీ ఇసుకల ఏమున్నది? మూతికి గుడ్డ కట్టుకొని ఎత్తుమంటుండ్రు?"

"ఏం లేదు భాయ్. పైవాళ్ల రూలు."

ఛీ! నన్ను కాపాడాననుకుని నవ్వుతూ మళ్లీ పార పట్టాడు. అప్పుడైనా చెప్పి ఉంటే ఆ బండలు లేపి, ఆ ఇసుకను కూడా అదే లారీ ఎక్కించేవాళ్లు కదా? ఆ ఇసుక వల్ల వాళ్లకు ఎంత ముప్పో నాకు నిజంగా తెలియదు, తెలుసుకోవడానికి అడగాలి, అడిగితే బయటపడతాను, అందుకే అడగకుండానే బతికేస్తున్నాను.

మొన్న రంజాన్‌కు కూడా పిలిచాడు. ఆ నేల మీదే కూర్చుని షీర్‌ఖుర్మా తాగాను. "నువ్విచ్చిన ఇసుకనే అన్నా, ఇల్లంత సల్లగుంటది" అంది వాళ్లావిడ. వాళ్ల మనవరాలు నేల మీద పాకుతోంది. ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను, వచ్చేదాకా దించలేదు.

"అన్నకు పిల్లంటే మస్తు పావురం" అని, అదంతా ప్రేమే అనుకుని నవ్వుకున్నారు.

నేనొచ్చేశాక ఆ పిల్ల అక్కడే పడుకుని ఉంటుంది. ఈ మాట చెప్పాల్సింది నీకు కాదు, తెలుసు. అయినా రాశాను, తెలిసీ దాచానని. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.